సన్నటి కూత

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ నలిగింది నా ఫోను. రోజుకి రెండుసార్లు మోగాలి అది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కొక్క రింగు. మా ఆయన వంతెన దాటగానే ఇచ్చే మిస్డ్ కాల్. అది వచ్చేదాకా నా చేతిలో కుట్టు తిన్నగా పడేది కాదు. ఫోను తీసి చూడటం, సిగ్నల్ ఉందో లేదో చూడటం, సౌండ్ ఎవరైనా తగ్గించారేమో చూడటం, మళ్ళీ ఒడిలో పెట్టుకోవడం. దాని అద్దం మీద నా బొటనవేలి జిడ్డు తప్ప ఇంకేమీ కనిపించేది కాదంటే నమ్మండి.

మాది బైకుల షెడ్డు. షెడ్డు వెనక ఇల్లని మామయ్య అంటారు, ఇంటి ముందు షెడ్డని అత్తయ్య అంటుంది. ఆ తగువు ఇప్పటికీ తేలలేదు. నేను షెడ్డు గుమ్మం పక్కన మిషను వేసుకుని బైకుల సీటు కవర్లు కుడతాను. పెళ్ళై వచ్చిన కొత్తలో వీళ్ళంతా పొద్దస్తమానం పోట్లాడుకుంటున్నారనుకుని హడలిపోయాను. తర్వాత తెలిసింది, వీళ్ళ మామూలు మాటే అంత. ఇంజన్ల రొదలో పెరిగిన ఇల్లు. కంచం ముందు కూర్చుని మంచినీళ్ళు అడిగినా వీధి చివరికి వినపడాల్సిందే.

మామయ్యని అందరూ చెవి మేస్త్రి అంటారు. ఏ బండి వచ్చినా ఆయన ముందు రెంచి పట్టుకోరు. తాళం తిప్పించి, తల వంచి వింటారు. ఆ కాసేపు షెడ్డులో చీమ చిటుక్కుమనకూడదు. గాలి కొట్టే కంప్రెసర్ ఆపెయ్యాలి, నా మిషను ఆగిపోవాలి, వంటింట్లో అత్తయ్య గిన్నె కదపకూడదు. టైరు పంక్చర్ వేయించుకోవడానికి వచ్చినవాడు కూడా ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. తర్వాత ఆయన తల ఎత్తి ఒక్క మాట అనేవారు. "క్లచ్ ప్లేట్లు." లేదా, "చైను కాదు, బేరింగ్." అంతే, దాని మీద అప్పీలు లేదు. విప్పి చూస్తే అదే ఉండేది.

మా ఆయనకి రెంచి పట్టడం వచ్చు గానీ ఆ పని మీద మనసు లేదు. చిన్న చిన్న ఆసుపత్రుల నుంచి రక్తం శాంపిళ్ళు ఐసు పెట్టెలో పెట్టుకుని వంతెన అవతలున్న పెద్ద ల్యాబుకి చేర్చడం ఆయన ఉద్యోగం. పెట్టె వేడెక్కేలోపు చేరాలి. అందులో ఎవరి జబ్బు సంగతి ఉందో, ఎవరు దానికోసం కాచుకుని కూర్చున్నారో ఎవరికి తెలుసు. అందుకని దారిలో ఆగడం, తర్వాత వెళ్దాంలే అనుకోవడం కుదరదు. ఆయన బండి మొరాయిస్తే షెడ్డులో ఇన్ని బండ్లున్నాయి కదా, ఏదో ఒకటి వేసుకుపోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. బాగుచెయ్యమని ఇచ్చినవాళ్ళ బండి మన పనికి వాడుకోవడం మామయ్య దృష్టిలో దొంగతనం.

ఎండలు ముదిరాక మొదటిసారి ఆగింది మా ఆయన బండి. వంతెన ఎక్కబోయే చోట, ముందొక లారీ, వెనకొక లారీ. చెప్పాపెట్టకుండా ఇంజన్ చచ్చిపోయిందట. ఆ వంతెన పాతది, సన్నటిది. అవతల రాళ్ళ క్వారీ ఉంది. అక్కడికి వెళ్ళే లారీలూ అక్కడినుంచి వచ్చే లారీలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి. ఎక్కే చోట కాస్త మట్టి అంచు ఉంది గానీ, పైకెక్కాక బండిని పక్కకి తియ్యడానికి బెత్తెడు జాగా ఉండదు. ఆ రోజు అదృష్టం బాగుండి మట్టి అంచు మీదకి లాగగలిగాడు. కాసేపు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అయిందట.

సాయంత్రం మామయ్య తాళం తిప్పారు. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయాం. ఆయన ట్యాంకు మీదకి వంగి, లోపలున్న పెట్రోలు పంపు చప్పుడు విన్నారు. ఇంకోసారి తిప్పి ఇంకోసారి విన్నారు.

"పంపు బంగారం," అన్నారు. "కరెంటు ఎక్కడో తెగుతోంది. ఏరా, పంపు బాగానే ఉంది కదా?"

"బాగుంది నాన్నా," అన్నాడు మా ఆయన.

ప్లగ్గు మార్చారు. వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది. పంపుకి కరెంటు అందించే రిలే మార్చారు. మళ్ళీ ఆగింది. వైరింగంతా విప్పి ఒక్కొక్క జాయింటూ గీకి శుభ్రం చేశారు, ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం ఊది చూశారు. ఆ బండి షెడ్డులో ఎంత బుద్ధిగా ఉండేదంటే, మీట మీద వేలు పెట్టేలోపే పలికేది. రోడ్డెక్కి, ఎండ దంచి, ట్యాంకులో పెట్రోలు సగానికి దిగాక మొదలుపెట్టేది వేషాలు. పొద్దున పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు దాన్ని పరీక్ష చేస్తే ఏం తెలుస్తుంది?

కానీ నాకు తెలుస్తూనే ఉంది. తాళం తిప్పగానే ట్యాంకులో ఉన్న పంపు రెండు మూడు క్షణాలు పెట్రోలు తోడి ఆగుతుంది. ఇంజన్ స్టార్ట్ కాకముందే వినిపించే చిన్న మూలుగు అది. బాగున్న పంపు బొంగురు గొంతుతో 'ఊఁ' అని ఊరుకుంటుంది. ఏళ్ళ తరబడి మిషను ఆపుకుని కూర్చున్నదాన్ని, నా చెవికీ ఆ మాత్రం పట్టుబడింది. మా బండి పంపు కూడా 'ఊఁ' అంటోంది గానీ, దాని పైన ఇంకోటి వినిపిస్తోంది. సన్నటి కూత. దూరంగా ఎవరింట్లోనో కుక్కర్ కూత వెయ్యబోయి మానుకున్నట్టు. మొదటిసారి విన్నప్పుడు నా భ్రమ అనుకున్నాను. చుట్టూ చూస్తే అందరూ మామయ్య మాటకి తలలూపుతున్నారు. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

ఆగలేక వంటింట్లోకి వెళ్ళి అత్తయ్యతో చెప్పాను.

"పంపు ఎలా ఉందో ఆయనకి తెలీదు, నీకు తెలిసిందా?" అంది అత్తయ్య. "ఆయన ముందు అనేవు ఆ మాట. అలిగి అన్నం మానేస్తే బతిమాలే ఓపిక నాకు లేదు."

"నిజంగానే అత్తయ్యా. సన్నగా, పళ్ళు జివ్వుమనేట్టు వస్తోంది."

"నీ మిషనుకి నూనె వెయ్యి ముందు," అంది.

నూనె వేశాను. అంతకన్నా ఏం చెయ్యను.

ఒక సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్తే మా ఆయన కూడా వెనకే వచ్చాడు. నలుగురిలో ఆయన్ని 'మీరు' అంటాను, ఇద్దరమే ఉంటే 'నువ్వు'. కోపం వచ్చినప్పుడు ఏమంటానో నాకే తెలియదు.

"ఆ పంపు కూత వేస్తోంది. నీకు వినిపించడం లేదా?" అన్నాను.

దుప్పటి మడత పెడుతున్నవాడల్లా ఆగాడు. "వినిపిస్తోంది," అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?"

ఆయన మెట్లకేసి ఒకసారి చూసి, మా ఇంట్లో ఎవరూ మాట్లాడనంత నెమ్మదిగా చెప్పాడు. "నాన్నకి లావు శబ్దాలన్నీ వినిపిస్తున్నాయి. సన్నవే జారిపోతున్నాయి. బ్రేకు కీచుమంటే తెలీదు, బేరింగ్ ఈల వేస్తే తెలీదు. చాలా రోజులైంది. ఆదివారం ఆయన భోంచేసి పడుకున్నప్పుడు నేనే ఆ బండ్లు విప్పి సరిచేసి పెడుతున్నాను. లేకపోతే ఈపాటికి ఊరంతా తెలిసేది."

అదా ఆదివారాలు నాతో సినిమాకి రాకపోవడానికి కారణం. నేను ఇంకేదేదో అనుకుని ఏడ్చాను కూడా.

"అయితే మన బండీ అలాగే సరిచెయ్యి."

"చెయ్యనిస్తేగా! నేను దిగినప్పట్నుంచీ ఎక్కేదాకా దాన్ని వదలడం లేదు. ఆయన బిగించిన బోల్టుకి ఇంకొకరి రెంచి తగిలితే ఇట్టే పోల్చేస్తాడు. కళ్ళకేం వచ్చింది, బాగానే ఉన్నాయి."

"అయితే చెప్పు ఆయనకి."

"ఏమని? నాన్నా, నీ చెవి పోయిందనా? ఊళ్ళో ఆయనకున్న పేరే అది. అది తప్ప ఇంకేముంది ఆయన దగ్గర? నా నోటితో నేను చెప్పలేను."

"లారీ కింద పడగలవు గానీ చెప్పలేవు."

"అబ్బా, మెల్లిగా. వానలు పడనీ. చల్లబడితే పంపు వేడెక్కదు, బండి ఆగదు. అప్పుడు తీరిగ్గా ఏదో ఒకటి చూద్దాం. అప్పటిదాకా నువ్వు నోరు విప్పకు. నా మీద ఒట్టు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తండ్రి మీద ప్రేమ ఉండాల్సిందే, కాదనను. ఆ ప్రేమకి నా కాపురాన్ని పూచీ పెట్టమని ఎవరు చెప్పారు? కానీ ఒట్టు వేశాక ఏం చేస్తాను, మింగలేక కక్కలేక ఊరుకున్నాను. అప్పట్నుంచి ఫోనుతో పాటు ఆకాశాన్ని చూడటం కూడా నా పనుల్లో చేరింది. ఎక్కడైనా చిన్న మబ్బు కనిపిస్తే మేడ మీదకి పరుగెత్తేదాన్ని. అది కాసేపు ఊరించి అటే పోయేది. ఎండ మాత్రం ఎక్కడికీ పోలేదు, షెడ్డు రేకుల మీద కూర్చుని మమ్మల్ని వేపుకు తింది.

మామయ్యా నిద్ర లేకుండానే ఉన్నారు. ఏ బండీ ఆయన్ని ఇన్నిసార్లు ఓడించలేదు. భోజనం దగ్గర చెయ్యి కడుక్కోకుండా గోడకేసి చూస్తూ కూర్చునేవారు, ఉన్నట్టుండి లేచి వెళ్ళి సైడ్ స్టాండ్ వేస్తే ఇంజన్ ఆపేసే స్విచ్చు విప్పేవారు. పక్క వీధి షెడ్డులో పెట్రోలు ఒత్తిడి చూసే గేజీ ఉంది, ఒకసారి చూపించకూడదా అని ఎవరో అంటే, "చెవుండగా గేజీ ఎందుకు?" అని నవ్వారు.

ఒక రోజు సాయంత్రం ఫోను మోగలేదు.

రావాల్సిన వేళ దాటింది. ట్రాఫిక్ అనుకున్నాను. ఇంకాసేపు దాటింది. ల్యాబులో లైను ఉందేమో అనుకున్నాను. నేనే చేస్తే, ఒకవేళ వంతెన మధ్యలో ఉంటే, జేబులో ఫోను మోగితే, అటు చూస్తే? ఆ భయంతో చెయ్యలేదు. మిషను మీద ఉన్న కవరు కుట్టు మీద కుట్టు పడి అట్ట కట్టింది. అత్తయ్య వచ్చి టీ పెట్టి వెళ్ళింది, దాని మీద మీగడ తేలింది. మామయ్య ఎవరి బండికో చైను బిగిస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. ఆయన్ని చూస్తే ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది, ఉన్నమాట చెబుతున్నాను. ఇంటిల్లిపాదినీ ఈయన చెవికి తాకట్టు పెట్టాం అనిపించింది.

చీకటి పడబోతుంటే వచ్చాడు, బండి నెట్టుకుంటూ. ఒక పక్క అద్దం లేదు. మోచెయ్యి చీరుకుపోయి, చొక్కా చేతికి అతుక్కుంది. ఐసు పెట్టె మాత్రం పదిలంగానే ఉంది, కాని దాని పక్కన అడ్డంగా ఎర్ర రంగు గీత పడింది. మా బండి ఎరుపు కాదు. ఆ ఎరుపు క్వారీ లారీలదే.

"జారాను నాన్నా. ఇసక ఉంది రోడ్డు మీద," అన్నాడు మామయ్యతో. ఫోను కూడా పగిలిపోయిందన్నాడు.

"చూసుకుని పోవాలి కదరా," అన్నారు మామయ్య. అత్తయ్య లోపల్నుంచి దూది, మందు పట్టుకొచ్చింది. మోచేతికి నేను కట్టు కట్టాను. ఆయన నా కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దు అన్నట్టు. అప్పుడే అనుకున్నాను, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేద్దామని.

మర్నాడు ఆయన సెలవు పెట్టాడు. ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. ఆ సెలవు రోజు పొద్దున్నే మామయ్య బండిని షెడ్డు మధ్యలోకి తెచ్చి తాళం తిప్పారు. కంప్రెసర్ ఆగింది. నా మిషను ఆగింది. బండ్లు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు కదలకుండా నిలబడ్డారు. ఆయన వంగి విన్నారు.

"పంపు బంగారం," అన్నారు.

"బంగారం కాదు మామయ్యా," అన్నాను.

అంత నిశ్శబ్దంలో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. వంటింట్లో ఏదో గరిటె కింద పడింది. మా ఆయన, "నువ్వు లోపలికి వెళ్ళు," అన్నాడు. వెళ్ళలేదు.

మామయ్య నవ్వారు. "సీట్లు కుట్టే అమ్మాయి పంపులు కూడా చూస్తోందే!" అన్నారు. వచ్చినవాళ్ళు కూడా నవ్వారు.

"కూత వేస్తోంది మామయ్యా. సన్నగా. వేసవి మొదట్నుంచీ వేస్తోంది."

"కూత వేస్తే నాకు వినపడదా?"

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన మోచేతి కట్టు సవరించుకుంటున్నాడు.

"సరే," అన్నారు మామయ్య. "ఎండ ఎక్కనీ. నువ్వు నా వెనక ఎక్కు. వంతెన దాకా పోయొద్దాం. నువ్వేం వింటావో, నేనేం వింటానో అక్కడే తేలిపోతుంది."

మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. ఊరంతా ఊరికే తిప్పారు ముందు, బండి బాగా వేడెక్కాలని. హెల్మెట్లో నా నెత్తి ఉడికిపోతోంది. తర్వాత వంతెన దారి పట్టారు. వంతెన ఎక్కే చోట లారీలు ముక్కూ తోకా తగిలేట్టు నిలబడి, అంగుళం అంగుళం జరుగుతున్నాయి. మా వెనక కూడా ఒకటి వచ్చి ఆగింది. దాని ఇంజన్ వేడి నా వీపుకి తగులుతోంది. ఇక్కడే రోజూ, ఇలాగే, ఆ మనిషి ఒక్కడే, అనుకున్నాను.

అప్పుడు వినిపించింది. మా ఇంజన్ నెమ్మదిగా ఆడుతుంటే దాని కింద నుంచి సన్నగా మొదలై, పైకి, ఇంకా పైకి పాకింది. పొద్దున షెడ్డులో విన్నది దీని ముందు ఎంత! మామయ్య వీపు కదల్లేదు. ఆయన హాయిగా ముందున్న లారీ చక్రాలకేసి చూస్తున్నారు. ముందు లారీ జరిగింది. ఇంకొంచెం పోతే వంతెన మీద ఉంటాం.

"మామయ్యా, పక్కకి తియ్యండి," అన్నాను.

ఆయన పట్టించుకోలేదు. రెండు చేతులతో భుజాల మీద దబదబా బాదాను. "తియ్యండి! ఆగిపోతోంది, తియ్యండి!"

ఏమనుకున్నారో, హ్యాండిల్ మట్టి అంచు మీదకి తిప్పారు. వెనక చక్రం ఇంకా రోడ్డు దిగుతుండగానే ఇంజన్ రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. మేమున్న చోటుని మింగుతూ వెనక లారీ ముందుకి జరిగింది.

హెల్మెట్ తీసి, "నీకెలా తెలిసింది?" అని అరిచారు.

"కూత పెరిగింది."

"ఏం పెరిగింది?"

మళ్ళీ చెప్పాను. అప్పుడు గమనించాను, ఆయన నా కళ్ళలోకి చూడటం లేదు, పెదాలకేసి చూస్తున్నారు. ఎన్నాళ్ళుగా అలా చూస్తున్నారో! ఎవరైనా అటు తిరిగి మాట్లాడితే, "ఇటు తిరిగి మాట్లాడు, మర్యాద లేదా?" అని కసిరితే పెద్దరికం అనుకునేదాన్ని.

ఆయన తాళం తిప్పారు. పంపు గుక్కపెట్టి ఏడ్చినట్టు కూసింది. ఆయన వంగి చెవి తిన్నగా ట్యాంకు మీదే ఆనించారు. ఎండకి కాలిపోతున్న రేకు అది. చర్మం ఎర్రబడుతున్నా తియ్యలేదు.

"ఇప్పుడు వస్తోందా?"

"వస్తోంది మామయ్యా."

మళ్ళీ తిప్పారు. "ఇప్పుడు?"

"వస్తోంది."

"ఆగిందా?"

"ఆగింది."

తల ఎత్తి, చెవి ఆనించిన చోట ట్యాంకు మీద అరచెయ్యి పెట్టారు. చాలాసేపు అలాగే ఉంచారు. ఇంకా ఏదో అడుగుతారని నాకు తెలుసు. అడగకపోతే బాగుండని కూడా ఉంది.

"వాడికి వినిపిస్తోందా?"

అబద్ధం చెప్పొచ్చు. కాని ఆ ముఖం చూస్తూ ఎలా చెప్పను. తల ఊపాను.

"మొదట్నుంచీ?"

మళ్ళీ ఊపాను.

మామయ్య మట్టి అంచు మీద కూలబడ్డారు. పైన వంతెన మీద ఎవరో ఒకతను బైకు మీద రెండు లారీల మధ్య సందులో ఇరుక్కుని కాళ్ళు నేలకి ఆనిస్తూ పోతున్నాడు. అతను అవతల ఒడ్డు చేరేదాకా ఆయన అటే చూశారు.

"ఆ సందులోంచా పోతున్నాడు రోజూ," అన్నారు. "తెలిసి."

చెవి పోయిందన్న బాధ ఆయనకి ఇంకా అందలేదు. ముందు ఇది వచ్చి తగిలింది.

బండి చల్లబడ్డా స్టార్ట్ చెయ్యనివ్వలేదు. ఇంటిదాకా నెట్టుకొచ్చారు, నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. షెడ్డులోకి రాగానే కొడుకుతో ఒక్క మాట మాట్లాడకుండా సీటు ఊడదీసి, ట్యాంకు దించి, పెట్రోలు డబ్బాలోకి వంపారు. పంపుని పట్టి ఉంచే బోల్టులు వరసగా ఒక్కొక్కటే విప్పి, దాన్ని పైకి లాగారు. పంపు మూతికి ఉండే చిన్న జల్లెడ తెల్లగా ఉండాలి. అది నల్లటి బురదతో గట్టిపడిపోయింది, వేలితో నొక్కితే తారులా అంటుకుంది. ట్యాంకు అడుగున తుప్పు. ఆ జల్లెడలోంచి పెట్రోలు పీల్చలేక పంపు ప్రాణం పెట్టి లాగింది. చుట్టూ పెట్రోలు ఉంటే చల్లబడేది, అది తగ్గేకొద్దీ కాలింది, కాలి కాలి చేతులెత్తేసింది. మోటారు దగ్గర వాసన చూస్తే మాడిన వైరు వాసన.

"కరెంటు కాదు," అన్నారు మామయ్య, అందరికీ వినపడేట్టు. "పంపే. నేను తప్పు చెప్పాను."

షెడ్డులో ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మా ఆయన దగ్గరికి వెళ్ళి, "నాన్నా," అన్నాడు. మామయ్య తల ఎత్తలేదు. "ఆ ట్యాంకు పట్టుకో, కడగాలి," అన్నారు. ఇద్దరూ కలిసి తుప్పు వదిలేదాకా ట్యాంకు ఊపి ఊపి కడిగారు. మా ఆయనకి చెయ్యి నొప్పి పుడుతోందని తెలుస్తూనే ఉంది. వదల్లేదు.

లోపల నేను సంగతంతా చెబితే అత్తయ్య తలుపుకి ఆనుకుని నిలబడిపోయింది. "పెళ్ళైన దగ్గర్నుంచీ ఈయన నా మాట విన్నది లేదు," అంది. "ఇప్పుడు చెవి పోతే నాకెలా తెలుస్తుందే?" నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కొత్త మోటారు, కొత్త జల్లెడ, కొత్త రబ్బరు రింగు తెచ్చారు. అవి బిగించాక మామయ్య చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని పక్క వీధికి వెళ్ళారు. గేజీ పట్టుకొచ్చారు. ఆయన ఆ షెడ్డు గడప తొక్కడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గేజీ తగిలించి తాళం తిప్పితే ముల్లు ఉండాల్సిన చోటికి వెళ్ళి కదలకుండా నిలబడింది. మా ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. మామయ్య ముల్లుకేసి చాలాసేపు చూశారు.

మర్నాడు పొద్దున్నే మా ఆయన ఐసు పెట్టె కట్టుకుని, హెల్మెట్ చేత్తో పట్టుకుని తయారయ్యాడు. తాళం మామయ్య దగ్గరుంది. ఆయన దాన్ని బండికి పెట్టి తిప్పారు గానీ, వంగలేదు.

"విను," అన్నారు కొడుకుతో.

మా ఆయన వంగి విన్నాడు. "బాగుంది నాన్నా."

మామయ్య తాళం మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "వేసవంతా నాతో ఇదే మాట అన్నావు," అన్నారు.

మా ఆయన హెల్మెట్ అద్దం వేలితో తుడుస్తూ నిలబడ్డాడు. మామయ్య కసరలేదు, తిట్టలేదు. నా వైపు తిరిగారు.

"నువ్వు రామ్మా," అన్నారు. "నువ్వు చెబితేనే వాడు కదులుతాడు."

మిషను మీంచి లేచాను. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నా మాట ఎవరూ వినరని ఉడుక్కున్నదాన్ని, తీరా అడిగేసరికి ఎవరైనా వద్దంటే బాగుండుననిపించింది. ట్యాంకు పక్కన తల వంచాను. ఆయన తాళం తిప్పారు. 'ఊఁ' అంది పంపు, బొంగురుగా, నిండుగా. దాని పైన ఏమీ లేదు. లేదా? బయట ఎవరో సైకిల్ బ్రేకు వేశారా, లేక ఇక్కడేనా? భయంతో వింటే దేన్లోనైనా కూత వినిపిస్తుంది. నేను బాగుంది అంటే ఆ మనిషి ఆ లారీల మధ్యకి పోతాడు. నా నోట్లో ఉన్న ఈ ఒక్క మాట మీద పోతాడు. ఇంత బరువు నెత్తిన పెట్టుకుని మామయ్య ఇన్నేళ్ళూ ఎలా తల ఎత్తారో!

"ఇంకోసారి తిప్పండి మామయ్యా," అన్నాను.

తిప్పారు. విన్నాను.

"ఇంకోసారి."

"ఆలస్యమవుతోంది," అన్నాడు మా ఆయన.

"అవనీ," అన్నారు మామయ్య, నా పెదాల మీంచి చూపు తియ్యకుండా.